కలకి జీఎస్టీ అదనం

తెలుగులో ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ ఎందుకు ఎదగడం లేదో ఇన్నాళ్ళకి తెలిసింది. మన రచయితలకి నిద్ర చాలడం లేదట. పుస్తకాలు కొనేవాళ్ళు లేకనో, కథకి నాలుగు రాళ్ళిచ్చే పత్రికలు మూతపడటం వల్లనో అనుకుంటూ నేను ఇన్నేళ్ళూ అజ్ఞానంలో బతికాను. మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, నీళ్ళ ట్యాంకర్ మెసేజ్‌కీ లిఫ్టు రిపేరు మెసేజ్‌కీ మధ్యన ఒక పోస్టరు వచ్చి నా కళ్ళు తెరిపించింది. మూయించింది అనాలేమో. "లూసిడ్ డ్రీమింగ్‌తో 21 రాత్రుల్లో మీ ఫాంటసీ నవల! ఫీజు 4,999. జీఎస్టీ అదనం. దుప్పటి ఎవరిది వారే తెచ్చుకోవాలి."

పోస్టరు మీద 'ఫ్రాంకెన్‌స్టైన్' నవల రాసిన మేరీ షెల్లీ బొమ్మ. కింద "ఈమెకి కల వచ్చింది. మరి మీకు?" అని ప్రశ్న. ఆ బొమ్మ సంగతి తర్వాత చెప్తాను. ఇప్పుడే మొదలుపెడితే ఈ వ్యాసం మర్యాదగా నడవదు.

లూసిడ్ డ్రీమ్ అంటే, కల నడుస్తుండగానే "ఇది కల" అని మనకి తెలిసిపోవడం. తెలిశాక దాన్ని మనకి కావలసినట్టు నడుపుకోవచ్చని ఆశ. ఇందులో బూటకం ఏమీ లేదు. 1975లో ఇంగ్లండులోని హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు అలన్ వర్స్‌లీ అనే ఆయన్ని వైర్లు తగిలించి పడుకోబెట్టాడు. కలలు జోరుగా వచ్చే దశలో ఒంట్లో కండరాలు దాదాపు చచ్చుబడి ఉంటాయి, కళ్ళు మాత్రం కదులుతాయి. అందుకని ముందే అనుకున్న ప్రకారం వర్స్‌లీ కలలోంచే కళ్ళు ఎడమకీ కుడికీ తిప్పి కబురు పంపాడు. సైన్సుకి అది పెద్ద విజయమే, కాదనను. కానీ చెయ్యి కదలదు, పెన్ను పట్టుకోలేం, కళ్ళు మాత్రం అటూ ఇటూ తిరుగుతుంటాయి. "కథ ఎంతవరకు వచ్చిందండీ?" అని ఎడిటర్ అడిగినప్పుడు నేను మెలకువగా ఉండే చేసే పని ఇది. దీనికి 4,999 కట్టాలా?

కట్టాను. జీఎస్టీతో కలిపి.

కూకట్‌పల్లి వైపు ఒక ఫంక్షన్ హాలు. ముందురోజు రాత్రి ఎవరిదో రిసెప్షన్ అయినట్టుంది, స్టేజి మీద థర్మోకోల్ నెమళ్ళు అలాగే ఉన్నాయి. కార్పెట్ నిండా బిర్యానీ వాసన. ఆ నెమళ్ళ ఎదురుగా నలభైమందిమి చాపలు పరుచుకున్నాం. తెల్ల కుర్తాలో, చెవి మైకుతో డ్రీమ్ కోచ్‌గారు వచ్చారు. "గంట మోగినప్పుడల్లా వేళ్ళు లెక్కపెట్టుకోండి, కలలో అయితే ఐదు రావు. ఏదైనా రాసి ఉంటే రెండుసార్లు చదవండి, కలలో అయితే రెండోసారికి అక్షరాలు మారిపోతాయి. లైటు స్విచ్ వేసి చూడండి, కలలో అయితే వెలగదు" అన్నారు. ఈ మూడోది వినగానే మా కాలనీ నుంచి వచ్చిన ఇద్దరం మొహామొహాలు చూసుకున్నాం. ఆ లెక్కన మే నెలంతా మేం మెలకువగా లేము.

గంట మోగింది. నలభైమంది ఒక్కసారిగా చెయ్యి ఎత్తి, వేళ్ళు విప్పి, తదేకంగా చూసుకుంటున్నారు. మజ్జిగ గ్లాసుల ట్రేతో వస్తున్న క్యాటరింగ్ కుర్రాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. తలా ఐదు గ్లాసులు అడుగుతున్నామనుకుని కంగారుగా లోపలికి పరిగెత్తాడు.

నా పక్క చాప మీద ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు. శ్రద్ధగా మూడుసార్లు లెక్కపెట్టుకుని, నా వైపు వంగి, "బాబూ, నాకు ఐదే వస్తున్నాయి. ఫీజులో ఏమైనా తగ్గిస్తారంటావా?" అని రహస్యంగా అడిగారు.

పులిహోర, గుత్తివంకాయ, పెరుగన్నం పెట్టాక "ఇప్పుడు మిమ్మల్ని నిద్రలోకి తీసుకెళ్తాను" అని కోచ్‌గారు ప్రకటించారు. పెరుగన్నం తిన్నవాణ్ణి నిద్రపుచ్చడం కూడా ఒక విద్యే అయితే, మధ్యాహ్నం పూట మాకు సోషల్ చెప్పిన మేష్టారికి ఎన్ని డాక్టరేట్లు ఇవ్వాలి? పక్క హాల్లో ఓణీల ఫంక్షన్, డీజే మోత. అయినా పది నిమిషాల్లో గురకలు డీజేని మించిపోయాయి.

లేచాక షేరింగ్ సెషన్. ఒకావిడ గాల్లో ఎగిరారట. ఎక్కడికమ్మా అంటే ఇంటికి, గ్యాస్ కట్టానో లేదో చూసుకోవడానికి. ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయికి కలలో మీటింగు వచ్చింది. అది కలేనని తెలిసింది కూడా, అయినా మ్యూట్ తీసే ధైర్యం చాల్లేదు. అప్పుడు మేనేజరుగారు లేచి నిలబడ్డారు. ఆయనకి నిజంగానే వచ్చింది. కలలో వేళ్ళు ఆరు వచ్చాయి. ఇక అడ్డేముంది? కొండలు పిండి కొట్టవచ్చు, కృష్ణదేవరాయల సభలో ముందు వరసలో కూర్చోవచ్చు, చంద్రుడి మీద ప్లాటు కొనవచ్చు. ఆయన సికింద్రాబాదు స్టేషనుకి వెళ్ళి, తిరుపతికి లోయర్ బెర్త్ కన్ఫర్మ్ చేయించుకున్నారు. "సైడ్ లోయర్ కాదు సార్, అసలు లోయర్" అంటుంటే ఆయన గొంతు వణికింది. హాలంతా చప్పట్లు. కోచ్‌గారు కళ్ళు తుడుచుకుని, "ఇదే సార్ మీ నవల" అన్నారు.

నేను ఆయన్ని చూసి నవ్వడం లేదు. నాకు ఆరు వేళ్ళు వచ్చి ఉంటే పాత బాకీలు వసూలు చేసుకునేవాణ్ణి. సర్వశక్తులూ చేతికిస్తే ఎవడైనా తనకి ముందే తెలిసినదే అడుగుతాడు. తెలియనిదాన్ని ఆర్డర్ ఎలా ఇస్తాం?

అసలు ఈ లూసిడ్ డ్రీమ్ అన్న పేరుని వాడుకలోకి తెచ్చింది ఒక రచయితే. ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ అనే డచ్చివాడు. 1898 నుంచి 1912 దాకా తనకి ఇలాంటి కలలు 352 వచ్చాయని లెక్క రాసి, 1913లో ప్రకటించాడు. ఆ సరుకుని అంతకుముందే, 1909లో, ఒక నవలలో పోశాడు. మరి ఆయనకి పేరు తెచ్చిపెట్టిన 'చిన్న యోహాన్నెస్' అనే ఫాంటసీ కథ పుస్తకంగా వచ్చింది 1887లో, ఈ కలల ఖాతా తెరవకముందే! ఒక కలలో ఆయన వైన్ గ్లాసుని బలంకొద్దీ పిడికిలితో గుద్దాడట. పగల్లేదు. కాసేపాగి చూస్తే పగిలి ఉంది. ఎంట్రీ మర్చిపోయిన నటుడిలా ఆలస్యంగా పగిలిందని రాసుకున్నాడు. మన సురభివాళ్ళయితే ఆ గ్లాసుని టైముకి పగలగొట్టేవాళ్ళు.

హోంవర్కు కూడా ఇచ్చారు. ఐదు గంటలు పడుకుని, తెల్లవారుజామున 3:30కి అలారం పెట్టుకుని లేచి, అరగంట కూర్చుని, మళ్ళీ పడుకోవాలి. మొదటిరోజు అలారానికి నేను తప్ప ఇల్లంతా లేచింది. రెండోరోజు నేనూ లేచాను. "ఏవండీ, కల వచ్చిందా?" అంది మా ఆవిడ. లేదన్నాను. "ఎలాగూ లేచారుగా, మోటారు వేసి ట్యాంకు నిండేదాకా చూడండి" అని అటు తిరిగి పడుకుంది.

స్కాట్లండు రచయిత స్టీవెన్సన్‌కి, ఒకే మనిషిలో మంచివాడూ చెడ్డవాడూ ఉండే జెకిల్, హైడ్ కథ కలలోనే వచ్చిందని కోచ్‌గారు స్లైడు వేశారు. నిజమే. స్టీవెన్సన్ తన కలల గురించి రాసిన వ్యాసంలో మిగతా భాగం మాత్రం స్లైడులో లేదు. బ్యాంకు నుంచి ఉత్తరాలు రావడం మొదలై, మాంసం కొట్టువాడు దొడ్డిగుమ్మం దగ్గర తచ్చాడుతుంటే, అప్పుడు కథ కోసం బుర్ర చితక్కొట్టుకునేవాడట. ఈ కథకి కూడా రెండు రోజులు అలా కొట్టుకున్నాకే ఆ కల దిగింది. అంటే కావలసింది దుప్పటి కాదు, బాకీ. అది నా దగ్గర పుష్కలంగా ఉంది.

భాగవతంలో ఉషకి కల వచ్చింది. ఎన్నడూ చూడని అనిరుద్ధుడు కలలో కనిపించాడు. లేచి దిగులుపడి కూర్చుంది. కథ అక్కడితో ఆగిపోవలసిందే. నడిపించింది ఎవరు? చెలికత్తె చిత్రరేఖ. దేవతల్నీ, గంధర్వుల్నీ, మనుషుల్నీ వరసపెట్టి గీస్తూ, "ఇతనా? పోనీ ఇతనా?" అని చూపిస్తూ, పోలిక కుదిరేదాకా కుంచె దించలేదు. ఆ తర్వాత ద్వారకకి పోయి, నిద్రపోతున్నవాణ్ణి నిద్రపోతున్నట్టే ఎత్తుకొచ్చింది. మనవాళ్ళు ట్రైనింగు ఇచ్చేది ఉష ఉద్యోగానికి. చిత్రరేఖ ఉద్యోగానికి అప్లికేషన్లే లేవు.

ఇక ఆ బొమ్మ.

1815 ఫిబ్రవరిలో మేరీకి నెలలు నిండని ఆడపిల్ల పుట్టింది. రెండు వారాలు కూడా బతకలేదు. తల్లికి అప్పటికి 17 ఏళ్ళు. మార్చి 19న డైరీలో రాసుకుంది: పాప మళ్ళీ బతికినట్టు కలొచ్చింది, ఒళ్ళు చల్లబడిందంతే, మంట దగ్గర పెట్టి రుద్దితే ప్రాణం వచ్చింది. మెలకువ వచ్చి చూస్తే పాప లేదు. మరుసటి ఏడాది వేసవిలో జెనీవా సరస్సు దగ్గర, వానలకి బయటికి కదల్లేక దయ్యం కథల పందెం వేసుకున్న రోజుల్లో, శవంలాంటిదానికి ప్రాణం వచ్చే దృశ్యం ఆమె కళ్ళముందు నిలిచింది. ఆ సమయంలో తను నిద్రపోవడం లేదని 'ఫ్రాంకెన్‌స్టైన్' 1831 ముద్రణ ముందుమాటలో తనే రాసింది. తన ఊహ పిలవకుండానే వచ్చి తనని లాక్కుపోయిందని రాసింది. పిలవకుండా! వీళ్ళు దాన్ని రిమోట్ పెట్టి నడపడం నేర్పిస్తారట. ఆ పిల్ల చేతిలో రిమోట్ ఉంటే ఏం చేసేదో తెలుసా? పాపని బతికించుకుని, ఒళ్ళో పెట్టుకుని, అక్కడే ఉండిపోయేది. లేచేదే కాదు. 'ఫ్రాంకెన్‌స్టైన్' ఎవరు రాసేవారు? కలని అదుపు చేయలేకపోయింది కాబట్టే, తెల్లారాక ఆ ఖాళీ చేతులతో నెలల తరబడి కూర్చుని రాసింది. బిడ్డ పోయిన తల్లి బొమ్మ వేసి దుప్పట్లు తెచ్చుకోండి అనడానికి సిగ్గుండాలి. ఆ డైరీలో ఒక్క పేజీ అయినా చదివారా అసలు?

నీళ్ళు తాగి వచ్చాను. సరే.

21వ రోజు సర్టిఫికెట్లు ఇస్తామంటే వెళ్ళాను. అదే హాలు, స్టేజి మీద నెమళ్ళు పోయి హంసలు వచ్చాయి. మేనేజరుగారు ఫోన్లో తిరుపతి టికెట్టు చూసుకుంటున్నారు. వెయిటింగ్ లిస్టు 47. నవలలు ఎన్ని పూర్తయ్యాయని కోచ్‌గారు అడగలేదు, మేమూ చెప్పలేదు. నా పేరు పిలిచారు, ఫోటో తీశారు. కుర్చీలోకి వచ్చి సర్టిఫికెట్ చూసుకుంటే, పేరు కింద "స్వప్న రచయిత" అని ఉండవలసిన చోట "స్వల్ప రచయిత" అని ఉంది. కోచ్‌గారు చెప్పిన పరీక్ష గుర్తొచ్చి, కళ్ళు నులుముకుని రెండోసారి చదివాను.

అక్షరాలు మారలేదు.