సిక్ లీవ్ రద్దయిందట! జీతాలు చేసేవాడిగా నా జవాబు

వారం రోజులుగా అమీర్‌పేట నుంచి బాలానగర్ దాకా నాకు తెలిసిన ప్రతి అకౌంటెంట్ ఫోన్‌లోనూ ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, పాత చట్టాలతోపాటే సిక్ లీవ్ పోయింది. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు జబ్బు చేస్తే జీతం అదే ఇస్తుంది, కంపెనీ ఎల్‌ఓపీ వేస్తే చాలు. జీతం 21 వేలు దాటిన నెలలోనే ఈఎస్ఐ ఆపేయండి. జీతాల షీట్‌లో ఇంకేమీ మార్చక్కర్లేదు." (ఈఎస్ఐ అంటే వేతనం 21 వేల దాకా ఉన్నవాళ్లకు నెలనెలా చందాతో నడిచే ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఎల్‌ఓపీ అంటే రాని రోజులకు జీతం కోయడం.) మా ఓనర్ గారు కూడా నాకు పంపారు, కింద బొటనవేలు బొమ్మ పెట్టి మరీ.

ఇందులో ఆ తేదీ ఒక్కటే నిజం.

నాలుగు కోడ్‌లు కలిపేసుకున్నది కేంద్రం చేసిన 29 చట్టాలని. మన షాపుల చట్టం రాష్ట్రానిది, 1988 నాటిది, ఆ 29లో లేదు. దాని ప్రకారం షాపులో, ఆఫీసులో పనిచేసేవాళ్లకు ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో సిక్ లీవ్ ఉంది, క్యాజువల్ లీవ్ 12 రోజులు దానికి వేరే. ఫ్యాక్టరీ సంగతి వేరు, అక్కడ ఈ చట్టం వర్తించదు, ఈఎస్ఐ, కంపెనీ ఒప్పుకున్న షరతులే దిక్కు. మెసేజ్ రాసినాయన ఏ జీడిమెట్ల ఫ్యాక్టరీ షీటో చూసి ఊరంతా అంతే అనుకున్నాడేమో.

ఇక "జీతం ఈఎస్ఐ ఇస్తుంది" అన్న మాట. నాకు అసలు కోపం వచ్చింది దీనికే, ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇలాగే అనుకుని, లీవ్ మిగిలి ఉన్న కుర్రాడికి డెంగీ వస్తే ఎల్‌ఓపీ వేసేశాను. 18 వేల జీతం, పది రోజులు మంచం మీద. రోజుకు 600 చొప్పున 6,000 పోయింది. ఈఎస్ఐ ఇచ్చేది సగటు రోజు కూలిలో 70 శాతం, అంటే సుమారు 420, అదీ మొదటి రెండు రోజులు వదిలేసి. ఎనిమిది రోజులకు 3,360. మిగతా 2,640 వాడి జేబులోంచే పోయింది, పైగా ఆ డబ్బు కోసం డిస్పెన్సరీలో సర్టిఫికెట్ చుట్టూ తిరగాలి. ఆ పది రోజులకూ సిక్ లీవ్ వాడి ఉంటే జీతం పూర్తిగా వచ్చేది. కాకపోతే ఒకే రోజుకు కంపెనీ జీతమూ ఈఎస్ఐ డబ్బూ రెండూ రావు, కాబట్టి ఏ రోజులు దేని కింద వేస్తున్నామో షీట్ మూసేముందు మనిషికి చెప్పాలి. లీవ్ అయిపోయాక ఈఎస్ఐ దగ్గరకు పోవడమే తెలివైన పని, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు.

21 వేలు దాటగానే ఆపేయాలట! ఈఎస్ఐ చందా కాలం ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. జూలైలో ఇంక్రిమెంట్ వచ్చి పరిమితి దాటినా సెప్టెంబర్ 30 దాకా ఉద్యోగి 0.75 శాతం, కంపెనీ 3.25 శాతం కట్టాల్సిందే. ఆ చందా మీద జబ్బు డబ్బు వచ్చేది తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు, దానికి కనీసం 78 రోజుల చందా ఉండాలి. అసలే నాగాలు ఎక్కువున్నవాడికి మనం మధ్యలో ఆపితే ఆ లెక్క తప్పి వాడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు బయటపడుతుంది.

ఏమీ మార్చక్కర్లేదన్న చోటే మార్చాల్సింది ఎక్కువ. కొత్త కోడ్‌ల ప్రకారం హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) లాంటి అలవెన్సులు మొత్తం జీతంలో సగం మించితే, ఆ మించినది వేతనంలో కలుస్తుంది. బేసిక్ 10,000, హెచ్ఆర్ఏ 12,000 ఉన్నవాడిని తీసుకోండి. పాత లెక్కలో హెచ్ఆర్ఏ కూడా వేతనమే, 22,000 కాబట్టి ఈఎస్ఐ బయట. కొత్త లెక్కలో సగం 11,000, హెచ్ఆర్ఏలో మించిన వెయ్యి బేసిక్‌లో కలిపితే వేతనం 11,000. వాడు లోపలికి వచ్చేశాడు! సాఫ్ట్‌వేర్ ఇది తనంతట తాను చూసుకోదు, పే హెడ్‌లు (బేసిక్, హెచ్ఆర్ఏ లాంటి జీతం పద్దులు) మనమే సరిచేయాలి.

ఇదంతా ఓనర్ గారికి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, బొటనవేలు ఇంకా రాలేదు.