'ఇంకా చూళ్ళేదా?' గారికి ఒక బహిరంగ లేఖ

నెల్లూరు,
ఆదివారం, మధ్యాహ్నం నిద్ర పట్టని వేళ.

మహారాజశ్రీ 'ఇంకా చూళ్ళేదా?' గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. మీరు కుశలమేనని నాకు రోజూ తెలుస్తూనే ఉంది. నా కుశలమే మీవల్ల కాస్త దెబ్బతింది. ఆ సంగతి విన్నవించుకుందామనే ఈ ఉత్తరం.

మిమ్మల్ని ఎరగని అదృష్టవంతులు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం ఒక మాట. మాగుంట లేఔట్‌లో ఒక టీ కొట్టు దగ్గర ఆదివారం సాయంత్రాలు మేం అయిదారుగురం చేరతాం. అందరికీ సైన్స్ ఫిక్షన్ సినిమాల పిచ్చి. ఎవడో ఒక సినిమా పేరెత్తుతాడు. ఇంకొకడి మొహం కాస్త ఖాళీగా కనబడుతుంది. అంతే, మీరు దిగుతారు. "ఏంది అబ్బయా, అది ఇంకా చూళ్ళేదా!" జవాబు కోసం అడిగే ప్రశ్న కాదు మీరు. "అన్నం తిన్నావా?" అని అడిగినవాళ్ళు తినలేదంటే కంచం పెడతారు. మీకు "చూడలేదు" అని చెబితే పక్కవాడి టీ గ్లాసు కూడా నాలుగంగుళాలు దూరం జరుగుతుంది.

పోనీ చూశానంటే వదులుతారా? మీరు ఒంటరిగా వచ్చే రకం కాదు. వియ్యాలవారిలా బలగంతో దిగుతారు. 'బ్లేడ్ రన్నర్' చూశాను అన్నానో లేదో మీ తమ్ముడు 'ఏ వెర్షనూ?' గారు ముందుకొచ్చారు. 1982లో వచ్చిన ఆ సినిమాకి ఏడు వెర్షన్లున్నాయట. 2007లో వచ్చిన ఫైనల్ కట్ చూస్తేనే చూసినట్టట. నేను చూసింది హీరో వెనకనుంచి కథ చెబుతూ పోయే పాతది. గుళ్ళో పెళ్ళి చేసుకుని రిజిస్ట్రేషన్ చేయించుకోనివాణ్ణి చూసినట్టు చూశారు నన్ను. అంత గొడవపడ్డ ఆ కథ జరిగేది 2019 నవంబరు లాస్ ఏంజెలిస్‌లో. ఆ నవంబరు వచ్చింది, పోయింది. ఎగిరే కార్లు రాలేదు. ఆ నెల మా వీధికి వచ్చిన భవిష్యత్తల్లా మురిక్కాలవ మీద నాలుగు కొత్త పలకలు.

మీ మేనత్త 'అర్థమైందా?' గారి సంగతి వేరే చెప్పాలి. 'ప్రైమర్' అని 2004 నాటి సినిమా. సుమారు 7,000 డాలర్లతో తీశారు, నిడివి 77 నిమిషాలు. మా గుంపులో బ్యాంకు ఉద్యోగి దాన్ని అర్థం చేసుకోడానికి మూడు ఆదివారాలు ఖర్చుపెట్టాడు. ఎవడు ఏ పెట్టెలో దూరి కాలంలో ఎన్ని గంటలు వెనక్కి పోయాడో తెల్లకాగితం మీద గీతలు గీశాడు. వాళ్ళావిడ ఆ కాగితం చూసి ఎక్కడో ప్లాటు కొంటున్నాడనుకుని రెండ్రోజులు మురిసిపోయింది. అసలు విషయం తెలిశాక ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆయన మాకు చెప్పలేదు. గీతలు మాత్రం మళ్ళీ గీయలేదు.

మీ భయానికి నేను అబద్ధాలకోరునయ్యాను, అయ్యా. ఒకరోజు 'సొలారిస్' ప్రస్తావన వచ్చింది. 1972లో తార్కోవ్‌స్కీ తీసిన రష్యన్ సినిమా. మీరు నోరు తెరవకముందే నేనే "చూశా, చూశా" అన్నాను. "ఆ కారు సీను ఎట్టా ఉండాది?" అన్నాడొకడు. కారు అన్నాడు కదా, ఛేజింగే అయ్యుంటుందనుకున్నా. "అబ్బ, ఛేజింగ్ అదిరిపోయింది!" అన్నాను. టీ కొట్టు నిశ్శబ్దమైపోయింది. టీ మాస్టరు కూడా వడపోత ఆపినట్టనిపించింది.

ఆ రాత్రి కూర్చుని నిజంగానే చూశాను. 167 నిమిషాలు. అందులో కారు టోక్యో రోడ్ల మీద పోతుంది. పోతూ ఉంటుంది. వంతెన కింద దూరి, సొరంగంలోంచి బయటికొచ్చి, దాదాపు అయిదు నిమిషాలు అట్లా పోతూనే ఉంటుంది. ఎవరూ తరమరు. ఎవరూ మాట్లాడరు. ఆ మొత్తం సినిమా అయ్యేలోపు నెల్లూరులో బయల్దేరినవాడు ఒంగోలు చేరి టీ కూడా తాగొచ్చు. కానీ ఆ కారు సీను నాకు నచ్చింది. ఎందుకు నచ్చిందో ఆ గుంపులో మాట్లాడుకోవాలనీ అనిపించింది. ఛేజింగ్ అని కూసిన నోటితో మళ్ళీ ఎట్లా మొదలుపెట్టేది? చాన్నాళ్ళకి తెలిసింది, నన్ను అడిగినవాడు కూడా ఆ సినిమా చూడలేదు. కథంతా పది నిమిషాల్లో చెప్పే వీడియో చూశాడు. మీ పుణ్యమా అని చూడనివాళ్ళు ఇద్దరం, చూడని సినిమా గురించి, చూసినట్టు మాట్లాడుకున్నాం.

ఇక మీ స్థానిక శాఖ. ఊరివాళ్ళకి మీరు ఊరి సరుకే అమ్ముతారు. 'ఆదిత్య 369' చూడని నెల్లూరోడికి మీరు వేసే జరిమానా అంతా ఇంతా కాదు. తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు ఈ జిల్లా మనిషి, సమర్పించిన గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ఈ జిల్లా మనిషి. కాలయంత్రం ఎక్కినవాళ్ళు వెనక్కి 1526కీ, ముందుకి 2504కీ పోయొచ్చారు. సినిమా విడుదలైంది 1991 జూలై 18న. శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు తొలిసారి జయప్రదంగా పైకి పోయి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది 1980 జూలై 18న. ఈ రెండు తేదీలూ ఒకటేనని మా బ్యాంకు ఉద్యోగి కనిపెట్టి, ముహూర్తబలం అని తేల్చేశాడు. అంతకు ముందేడు అదే రకం రాకెట్టు బంగాళాఖాతంలో పడింది గదా, ఆ రోజు ముహూర్తం ఎవరు పెట్టారని అడిగాను. టాపిక్ మార్చేశాడు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది. మేం మాత్రం ఇప్పటికీ మా రాకెట్టనే అంటాం. ఇది కాలయంత్రంతో కూడా బాగుచేయలేని అలవాటు.

'కల్కి 2898 ఏడీ' వచ్చినప్పుడు మీరు సినిమా హాలు దాటి గుళ్ళోకి కూడా వచ్చేశారు. చేజర్ల మండలం పెరుమాళ్ళపాడులో పెన్నా ఇసుక కింద కూరుకుపోయిన నాగేశ్వరస్వామి గుడి 2020లో బయటపడింది. నాలుగేళ్ళు దానివైపు మేమెవ్వరం తల తిప్పలేదు. సినిమాలో కనబడగానే హైదరాబాదు నుంచి మా తోడల్లుడు ఫోను చేసి "నెల్లూరులో ఉండి అది ఇంకా చూళ్ళేదా?" అన్నాడు. సిగ్గుతో మర్నాడే పోయాను. అక్కడ సగం జనం నాలాగే సిగ్గుతో వచ్చినవాళ్ళే.

మా గుంపులో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరున్నారు. ఆయన దృష్టిలో మొదటి సైన్స్ ఫిక్షన్ సినిమా 'మాయాబజార్'. "1957 మార్చిలో విడుదల. అప్పటికి స్పుత్నిక్ ఉపగ్రహం కూడా ఎగరలేదు, అది అక్టోబరులో. ఆ ప్రియదర్శిని పెట్టె వీడియో కాల్ కాక మరేందయ్యా?" అంటారు. శాస్త్రం లేకుండా మాయ ఒక్కటే ఉంటే దాన్ని ఆ ఖాతాలో ఎట్లా వేస్తామని నా అభిప్రాయం. అది ఆయన ఎదుట చెప్పే ధైర్యం నాకు లేదు, నాకు తొమ్మిదో తరగతి లెక్కలు చెప్పింది ఆయనే. కానీ ఒకటి గమనించాను. 'మాయాబజార్' విషయంలో మీరెప్పుడూ కనబడరు. ఎందుకంటే దాన్ని ఎవరూ ఎవరికీ పరీక్షలా పెట్టలేదు. టీవీలో వస్తుంటే "రారా, ఘటోత్కచుడు వస్తున్నాడు" అని చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

మా ఊళ్ళో రొట్టెల పండగ ఉంది, తమరికి తెలిసే ఉంటుంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం కావాల్సినవాళ్ళు ఉద్యోగ రొట్టె, పిల్లలు కావాల్సినవాళ్ళు సంతాన రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్ళకి ఇస్తారు. ఆ నీళ్ళలో నిలబడి "ఏంది, నీకింకా ఉద్యోగం రాలేదా!" అని ఎవరూ అడగరు. నీకేం కావాలో అడిగి చేతిలో రొట్టె పెడతారు. సినిమా చెప్పడం ఇట్లాగే ఉండాలని నాకు తెలిసింది ఒక్క మనిషి వల్ల. ఆయనకి విడవలూరు వైపు రొయ్యల గుంటలున్నాయి.

ఆయన చూసిన సైన్స్ ఫిక్షన్ సినిమాలు పాతిక దాటవు. అన్నీ ఫోన్లోనే, అన్నీ గుంటగట్టు మీదే. రాత్రిపూట నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, తెల్లవారుజామున మరీ పడిపోతుంది. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. అవి ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, తేలాయంటే పెట్టుబడి మునిగినట్టే. అందుకని ఆయన షెడ్డులో మేలుకుని సినిమాలు చూస్తుంటాడు. ఒక రాత్రి 'గ్రావిటీ' పెట్టుకున్నాడు. ఆ సినిమా 2013 అక్టోబరులో వచ్చింది, మంగళయాన్ నవంబరులో పోయింది. ఆ సినిమా ఖర్చుకన్నా మన అంగారక యాత్ర ఖర్చే తక్కువని ప్రధాని శ్రీహరికోటలో చెప్పిన మాట కూడా మీకు గుర్తుండే ఉంటుంది. సరే, మన గుంట దగ్గరికొద్దాం.

తెల్లవారుజాము మూడు దాటింది. తెరమీద ఆ అమ్మాయి అంతరిక్షంలో ఒంటరిగా కొట్టుకుపోతోంది, సూటులో ఆక్సిజన్ తగ్గిపోతోంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగాయి. జనరేటర్ తాడు లాగితే దగ్గింది, తిరగలేదు. ఆయన మాటల్లోనే చెబుతాను: "అబ్బయా, అక్కడ ఆమెకి గాలి ఆడదు, ఇక్కడ నా రొయ్యలకి గాలి ఆడదు, నాకైతే రెండూ చూసి గాలి ఆడలా. ఫోను గట్టు మీద పారేసి జనరేటర్ మీద పడ్డా. పదకొండోసారికి అందుకుంది. అప్పుడు చూద్దును గదా, ఫోన్లో ఆమె భూమ్మీద నీళ్ళలోంచి పాక్కుంటా బయటికొస్తా ఉంది. నేనూ బురదలో అట్టనే ఉండా."

ఇంతకంటే మంచి సమీక్ష నేనింతవరకూ వినలేదు. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' గురించి కూడా ఆయన మాటే నాకు గుర్తుంది. 1968 నాటి సినిమా. మొదటి మాట వినబడటానికే దాదాపు పాతిక నిమిషాలు పడుతుంది, మా నాన్న అయితే టీవీ సౌండు పోయిందనుకుని రిమోటు బ్యాటరీలు మార్చాడు. రొయ్యల గుంటలాయన మాత్రం "అది చేపల పులుసు అబ్బయా, మర్నాటికి గానీ రుచి తెలవదు" అన్నాడు. నేను మర్నాటి దాకా ఆగి చూశాను. నిజమే.

పోయినేడు మా అమ్మ పోయింది. కర్మకాండలన్నీ అయ్యాక, ఏదైనా చూసి నిద్రపోదామని ఆయనకే ఫోను చేశాను. 'ఒకే ఒక జీవితం' బాగుంటుందట కదా అన్నాను. తల్లి కోసం కొడుకు కాలంలో వెనక్కి పోయే కథ అని అప్పటికి నాకు తెలియదు. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అది ఇప్పుడు చూడబాక. ఎప్పుడు చూడాల్నో నేను చెప్తాలే" అన్నాడు. మహాప్రభో, నా పాతికేళ్ళ సినిమా పిచ్చిలో నన్ను ఒక సినిమా చూడొద్దన్న మొదటి మనిషి ఆయనే.

ఆమధ్య ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర పెద్ద రభస. అంతరిక్షంలో నౌక పేలితే శబ్దం వస్తుందా, రాదా. గాలే లేనిచోట శబ్దం ఎట్లా వస్తుందని నేను, రాకపోతే థియేటర్లో టికెట్టు డబ్బులు ఎందుకని ఇంకొకడు. గొంతులు లేచాయి. టీ మాస్టరు దక్షిణం వైపు చూస్తూ నిలబడిపోయాడు. మేం గుర్తించలేదు. కాసేపటికి ఇటు తిరిగి, "పోయిందయ్యా రాకెట్టు. ఎర్రగా, బో ఉండింది. మీరు చూళ్ళేదా?" అన్నాడు. అందులో దెప్పు లేదు. పాపం, మేం చూస్తే బాగుండేదన్న బాధే ఉంది. ఆ ఒక్కసారి మీరు నాకు ముద్దొచ్చారు.

నేనూ మీకు ఏజెంటుగా పనిచేసినవాణ్ణే, దాచను. పోయిన నెల మా పదేళ్ళ అమ్మాయితో "ఆదిత్య 369 ఇంకా చూళ్ళేదా?" అనేశాను. అది హోంవర్కులోంచి తల కూడా ఎత్తకుండా "నువ్వెప్పుడు చూపించావ్?" అంది. ఆ రాత్రే పెట్టాను. కృష్ణదేవరాయల సభ దాకా కళ్ళింత చేసుకుని చూసి, 2504 రాకముందే నా ఒళ్ళో నిద్రపోయింది. పొద్దున్నే బ్యాగు తగిలించుకుంటూ "నాన్నా, వాళ్ళు తిరిగొచ్చారా?" అని అడిగింది. చెప్పలేదు. సాయంత్రం కూర్చుందాం అన్నాను.

కాబట్టి తమరు మా టీ కొట్టుకి కొన్నాళ్ళు సెలవివ్వవలసిందిగా ప్రార్థన. వీలైతే మీ మేనత్తగారిని కూడా వెంటబెట్టుకుపోండి.

ఇట్లు,
తమ వల్ల 'సొలారిస్' చూసిన ఒక విధేయుడు.

తా.క.: ఈ ఉత్తరం మడతపెడుతుండగా గుంట దగ్గర నుంచి ఫోను. "అమ్మ సంవత్సరీకం అయిపాయ గదా అబ్బయా. ఇప్పుడు చూడు. ఒక్కడివే చూడబాక, శనివారం నేనొస్తా. ఏరేటర్లు మా పిల్లోడు చూసుకుంటాడులే."