సవరణ: రిచర్డ్ వారసుడు కాదు, అక్క సంతతి

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 2012లో కార్ పార్కింగ్ కింద దొరికిన ఎముకలు రాజు మూడో రిచర్డ్‌వేనని "ఆయన వారసుడి డీఎన్‌ఏతో తేలింది" అని మొన్న రాశాను. అది తప్పు, చూసుకోకుండా రాసేశాను. రిచర్డ్ ఒక్కగానొక్క సక్రమ కొడుకు 1484లోనే, తండ్రి కన్నా ముందే పోయాడు.

డీఎన్‌ఏ కలిసింది ఆయన అక్క ఆన్ సంతతితో. లెస్టర్ విశ్వవిద్యాలయ బృందం 2014లో ప్రచురించిన పరిశోధన చూశాకే ఇది తెలిసింది. వాళ్లు పోల్చింది మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ. అది తల్లి నుంచే వస్తుంది, కూతుళ్ల ద్వారానే ముందుకు పోతుంది. అందుకే తల్లి, కూతురు, మనవరాలు అంటూ పదిహేనుకు పైగా తరాలు వెతికారు. పెళ్లి పెళ్లికీ ఇంటిపేరు మారిపోతుంటే ఆ గీత పట్టుకోవడం మాటలా! చివరికి తేలినవాళ్లలో ఒకాయన లండన్‌లో ఫర్నిచర్ చేసే వడ్రంగి. 2015లో రాజు శవపేటిక చేసిందీ ఆయనే.

ఇంకోటి, వంశవృక్షం ప్రకారం రిచర్డ్‌కి మగ వరుస బంధువులైన ఐదుగురిని పరీక్షిస్తే, ఎవరి వై క్రోమోజోమూ (తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది) ఆయనతో కలవలేదు. అంటే కాగితం మీది వంశవృక్షంలో ఎక్కడో కనీసం ఒక తండ్రి పేరు తప్పు.