కరువును పంచుకున్న ఊళ్లు

పాలమూరులో, మక్తల్ వైపు ఉట్నూరు అనే ఊరుంది. ఆదిలాబాద్ ఉట్నూరు వేరు, ఇది వేరు. 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు అక్కడి బూడిద దిబ్బను తవ్వితే, అది నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి అని తేలింది. కుప్పపడ్డ పేడను మళ్లీ మళ్లీ కాలుస్తూ పోతే ఆ దిబ్బ పెరిగింది. మట్టిలో పశువుల గిట్టల గుర్తులు కూడా అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత వచ్చింది మంచి కాలమేమీ కాదు. గోదావరి ముఖద్వారం దగ్గర సముద్రం అడుగున తీసిన మట్టి పొరలను బట్టి చూస్తే, సుమారు 4000 ఏళ్ల కిందటి నుంచి ఈ నేల అంతకంతకూ పొడిబారుతూ వచ్చింది. అప్పటి దక్కన్ జనం అండుకొర్రలు, ఉలవలు, పెసలు పండించుకున్నారు, పశువులను మేపుకున్నారు. పంట పోయినా పశువును తోలుకొని గడ్డి ఉన్న చోటికి పోవచ్చు. ఇంచుమించు ఆ రోజుల్లోనే సింధు నగరాలు ఖాళీ అయ్యాయి. 'అంతరించింది' అని బడిలో చదువుకున్నాం గానీ, మనుషులు అంతరించలేదు. తూర్పుకు కదిలి చిన్న చిన్న ఊళ్లు కట్టుకున్నారు.

కదలలేని పెద్ద ఏర్పాట్లకే దెబ్బ గట్టిగా తగిలింది. కంబోడియాలోని ఆంకోర్‌లో కాలువలు, జలాశయాలు అల్లుకున్న మహా నగరం ఉండేది. 14, 15 శతాబ్దాల్లో ఏళ్ల తరబడి కరువులు, మధ్యలో ముంచెత్తే వానలు వచ్చి ఆ కాలువలను తెంచేశాయి. యుద్ధాలు, రాజకీయాలు కూడా తోడయ్యాయనుకోండి.

మన దగ్గర రాజులు కూడా చెరువులు కట్టించారు. నల్గొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం కందూరు చోళుల నాటిది. కానీ చెరువును బతికించింది కట్ట ఒక్కటే కాదు, కట్ట వెనకున్న కట్టుబాటు. చెరువు నీళ్లు వదిలే పని చూసే మా ఊరి నీరటి తాత తూము దగ్గర కూర్చొని నీళ్లను కళ్లతోనే కొలిచేవాడు. చెరువు సగమే నిండిన ఏడాది పెద్దమనుషులు కట్ట మీద కూడి యాసంగికి, అంటే రబీ పంటకు, ఎన్ని ఎకరాలు తడుస్తాయో లెక్క కట్టేవాళ్లు. దాన్నే తైబందీ అంటారు. ఆయకట్టులో ఎవరికెంత తగ్గాలో నాటుకు ముందే తేలిపోయేది. నీళ్లు తక్కువైతే భూమిని తగ్గించుకోవడం, ఆ తగ్గుదలను పంచుకోవడం! కరువును తట్టుకోవడానికి ఇంతకన్నా తెలివైన పద్ధతి నాకు ఎక్కడా కనిపించలేదు. ఆ పంపకంలో చిన్న కులాల వాళ్లకు న్యాయం అన్నిసార్లూ జరగలేదన్నదీ నిజం. దాన్ని సరిచేసుకోవాల్సింది పోయి, పద్ధతినే వదిలేశాం.

ఇప్పుడు ఎవరి బోరు వాళ్లదే. పక్కోడు మూడు వందల అడుగులు దించితే మనం నాలుగు వందలు. నల్గొండలో ఆ లోతు నీళ్లతో పాటే ఫ్లోరైడ్ కూడా పైకొచ్చి ఎంతమంది ఎముకలను వంచిందో చూశాం. చెరువుల పూడిక తీయడం మంచి పనే. అయితే భూమి కింది నీళ్లకు తైబందీ ఏది?

అది కుదరని పనేమీ కాదు. 2000 తర్వాతి దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది. వాటిలో మహబూబ్‌నగర్, నల్గొండ కూడా ఉన్నాయి. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, యాసంగికి ముందు ఊరంతా కూర్చొని నీళ్ల లెక్క వేశారు. ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క కళ్లముందుంటే చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలు వేసుకున్నారు. ఆ లెక్కను ఈ యాసంగి నుంచే ప్రతి గ్రామసభలో మళ్లీ వేయాలి. బోరు బండి ఊళ్లోకి రాకముందే వేయాలి.