ఆపేసిన ల్యాప్‌టాప్ ఆగాలి

షట్‌డౌన్ కొట్టి, లైట్లన్నీ ఆరాకే మూత వేసి బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ నాలుగు రోజులకు తీసి చూస్తే ఆన్ కాదు. పెట్టేటప్పుడు నిండా ఉన్న చార్జింగ్ ఏమైందో అర్థం కాదు. సెలవులకు ఎచ్చెర్ల నుంచో విశాఖ నుంచో ఊరికి వచ్చే విద్యార్థులు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఈ బాధ చెప్పుకుంటే శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా రిపేరు షాపులో దొరికే జవాబు చాలాసార్లు ఒక్కటే: బ్యాటరీ పోయింది, మార్చేయాలి. వేల రూపాయలు పోసి కొత్తది వేయించుకున్నా నెల తిరక్కుండానే మళ్లీ అదే తంతు. తప్పు బ్యాటరీది కానప్పుడు బ్యాటరీ మార్చి ఏం లాభం?

లిథియం అయాన్ బ్యాటరీ వాడకపోయినా కొంత చార్జింగ్ దానంతటదే తగ్గుతుంది. అది సహజం. కానీ బాగున్న బ్యాటరీలో ఆ తగ్గుదల నెలకు రెండు మూడు శాతమే. రాత్రికి రాత్రి పది శాతం దిగిపోతోందంటే లోపల ఏదో నడుస్తూనే ఉందన్నమాట. 48 వాట్ అవర్ల బ్యాటరీనే, అంటే ఒక వాటు చొప్పున వాడితే 48 గంటలు వచ్చేదాన్నే తీసుకుందాం. లోపలి భాగాలన్నీ కలిసి అర వాటు లాగినా చాలు, 96 గంటల్లో, అంటే నాలుగు రోజుల్లో అది ఖాళీ.

ఇలా లాగేవి ఏమిటి? 2012లో విండోస్ 8తో పాటు మైక్రోసాఫ్ట్ ఫాస్ట్ స్టార్టప్ తెచ్చింది. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా కంప్యూటర్ పూర్తిగా ఆగదు. మన ప్రోగ్రాములు మూసేసి, విండోస్ మూలభాగాన్ని డిస్కులో దాచుకుని, మళ్లీ బటన్ నొక్కగానే దాన్నే లేపుతుంది. డిస్కులో ఉన్నదానికి కరెంటు అక్కర్లేదు, నిజమే. చిక్కంతా చుట్టూ ఉన్న పరికరాలతో. కొన్ని మోడళ్లలో నెట్‌వర్క్ కార్డు బయటి నుంచి వచ్చే పిలుపు కోసం మేలుకునే ఉంటుంది. కొన్నిటిలో డ్రైవరు, అంటే పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, లోపం వల్ల ఏదో ఒక భాగం పూర్తిగా ఆరదు. ఇక చాలా ల్యాప్‌టాప్‌లలో ఒక యూఎస్‌బీ పోర్టు, మిషన్ ఆపేసినా ఫోన్ చార్జ్ చేయడానికి సిద్ధంగా ఉంటుంది. దానికే వైర్‌లెస్ మౌస్ డాంగిల్ (మౌస్‌తో వచ్చే చిన్న ముక్క) పెట్టి వదిలేస్తే అదీ తన వంతు తాగుతుంది. హార్డ్ డిస్కుల కాలంలో ఫాస్ట్ స్టార్టప్ మేలు చేసింది, కాదనం. హార్డ్ డిస్కు బదులు వేగమైన ఎస్‌ఎస్‌డీ ఉన్న మిషన్ ఎలాగూ కొన్ని సెకన్లలో లేస్తుంది. ఆ కాస్త వేగం కోసం ఇంత నష్టం దేనికి?

దీన్ని ఆపే దారి ఎలా ఉందో చూడండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు నొక్కాలి. అక్కడ ఫాస్ట్ స్టార్టప్ టిక్కు కనిపిస్తుంది గానీ బూడిద రంగులో ఉంటుంది, నొక్కినా కదలదు. పైన 'ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులు మార్చు' అని ఇంగ్లిష్‌లో ఉన్న ఇంకో లింకు నొక్కితేనే ఆ టిక్కు తీయగలం. కంప్యూటర్ చదువు చదివినవాళ్లకే తట్టని ఈ సంగతి, కొడుకు చదువు కోసం అప్పు చేసి ల్యాప్‌టాప్ కొన్న తల్లిదండ్రులకు ఎలా తెలుస్తుంది? షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ కొడితే ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుందన్న చిన్న విషయమైనా అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. నెట్‌వర్క్ కార్డు, యూఎస్‌బీ సంగతి ఇంకా లోతున, విండోస్ కంటే ముందే లేచే బయోస్ అనే మూల సెట్టింగుల్లో ఉంటుంది.

ఇది చార్జింగ్ పోవడంతో తీరేది కాదు. సున్నాకు దిగిన బ్యాటరీ వారాల తరబడి అలాగే పడి ఉంటే దాని లోపలి సెల్ వోల్టేజీ మరీ పడిపోతుంది. అప్పుడు రక్షణ సర్క్యూట్ చార్జింగ్‌నే ఒప్పుకోకపోవచ్చు. అంటే మొదట్లో బాగున్న బ్యాటరీ చివరికి నిజంగానే చచ్చిపోతుంది. చాలా కంపెనీలు బ్యాటరీకి ఇచ్చే వారెంటీ ఏడాదే. ఆ తర్వాత భారమంతా కొన్నవాడిదే.

మన జిల్లాల్లో ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెలు రోజుల తరబడి కరెంటు లేక చీకట్లో మగ్గాయి. అలాంటప్పుడు ల్యాప్‌టాప్‌లో మిగిలిన చార్జింగే ఇంట్లో ఫోన్లకు ఆధారం. తుపాను హెచ్చరిక విని నిండా చార్జ్ పెట్టి ఆపేసుకున్న మిషన్, అవసరం వచ్చే వేళకు ఖాళీగా ఉంటే ఎవరిని అడగాలి?

తయారీ కంపెనీలు రెండు పనులు చేయాలని మేము కోరుతున్నాం. ఆపేశాక కరెంటు వాడే ప్రతి సదుపాయాన్నీ కొనేటప్పటికి ఆఫ్‌లో ఉంచాలి. కావాలనుకున్నవాళ్లు ఆన్ చేసుకుంటారు. మొదటిసారి మిషన్ తెరిచినప్పుడే ఈ సంగతి తెలుగులో తెర మీద చెప్పాలి. కొనే వస్తువు నాణ్యత, ప్రమాణాల గురించి తెలుసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. ఆపేసినా బ్యాటరీ తాగే మిషన్ అని ముందే చెప్పడం ఆ హక్కులో భాగమేనని మా అభిప్రాయం. కాలేజీలు కూడా మొదటి వారంలోనే పిల్లలకు ఈ సెట్టింగ్ చూపించాలి. పది నిమిషాల పని.

రిపేరు షాపులవాళ్లకూ ఒక మాట. బ్యాటరీ రిపోర్టు తీసే ఏర్పాటు విండోస్‌లోనే ఉంది. బ్యాటరీ తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండేది ఎంత, రెండూ అందులో పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే బ్యాటరీ బాగున్నట్టే, లోపం ఇంకెక్కడో వెతకాలి. డబ్బు కట్టే ముందు ఆ రిపోర్టు చూపించమని కొనేవాళ్లు గట్టిగా అడగాలి. చూపించకుండా మార్చేసి బిల్లు చేతిలో పెడితే, లేదా వారెంటీలో ఉన్న మిషన్‌ను కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి, వస్తువుకు కట్టిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే, ఫీజు కూడా ఉండదు.