నెమ్మదిగా ఉండే పిల్లల గురించి కూడా రాయండి

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం లాంటి లక్షణాలుండే సమస్య) గురించిన మీ వ్యాసంలో, అది ఉన్న పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తారని రాశారు. కొందరి విషయంలో నిజమే. కావలిలో పెరిగిన నేను మాత్రం క్లాసులో నోరెత్తేదాన్ని కాదు. పాఠం సగంలో ఉండగానే మనసు ఎటో వెళ్లిపోయేది. లెక్క వచ్చినా చివరి స్టెప్పు వదిలేసేదాన్ని. తెలివుంది, శ్రద్ధ లేదు అనేవాళ్లు టీచర్లు. ఇంట్లో పాలు చూస్తుండమంటే, నేను పొయ్యి పక్కనే నిలబడి ఉండగా పొంగిపోయేవి. దానికి తిట్లు. స్నేహితురాళ్లతో ఇంకా కష్టం. వాళ్ల మాట పూర్తికాకముందే అందుకునేదాన్ని, పొగరనుకుని దూరం పెట్టేవాళ్లు. మార్కులు తగ్గినప్పటికన్నా అదే ఎక్కువ బాధ పెట్టింది.

అల్లరి లేకుండా ఏకాగ్రత మాత్రమే కుదరకపోవడం కూడా ఏడీహెచ్‌డీయే. ఆడపిల్లల్లో ఇది చాలాసార్లు ఎవరి కంటా పడదు. మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్‌ఎం-5 అనే 2013 నాటి పుస్తకం ప్రకారం కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే మొదలవ్వాలి (అంతకుముందు 7 ఏళ్లలోపు అనేవారు), ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనిపించాలి. అందుకే డాక్టర్‌కి అమ్మానాన్నల మాటతోపాటు టీచర్ మాట కూడా కావాలి. మా వైపు నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. బద్ధకమని తేల్చేసే ముందు, దయచేసి ఒకసారి పాపను అక్కడ సైకియాట్రీ డాక్టర్‌కి చూపించండి.