సవరణ: ‘రబ్బర్ సోల్’ ముందు, ‘పెట్ సౌండ్స్’ తర్వాత

పాప్ సంగీతకారుల పరస్పర ప్రభావాల గురించి ఇటీవల రాసిన టపాలో, అమెరికా బృందం బీచ్ బాయ్స్ ఆల్బమ్ ‘పెట్ సౌండ్స్’ విన్నాకే బ్రిటిష్ బృందం బీటిల్స్ ‘రబ్బర్ సోల్’ను రూపొందించిందని పేర్కొన్నాను. అది తప్పు, క్రమం తలకిందులైంది. ‘రబ్బర్ సోల్’ 1965 డిసెంబరులో వెలువడగా, ‘పెట్ సౌండ్స్’ 1966 మే నెలలో వచ్చింది. ‘రబ్బర్ సోల్’ విన్న ఉత్సాహంతోనే, మొదటి నుంచి చివరిదాకా తాలు పాట ఒక్కటీ లేని ఆల్బమ్ చేయాలని సంకల్పించుకున్నట్లు బీచ్ బాయ్స్ పాటల రూపకర్త బ్రయాన్ విల్సన్ స్వయంగా పలు ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆయనను కదిలించింది ‘రబ్బర్ సోల్’ అమెరికాలో వెలువడిన రూపం అన్నది కూడా గమనించాలి: బ్రిటన్ ప్రతిలోని 14 పాటల్లో నాలుగింటిని తీసేసి, బ్రిటిష్ ‘హెల్ప్!’ ఆల్బమ్ నుంచి రెండింటిని చేర్చడంతో, అకౌస్టిక్ గిటార్ ధ్వని మరింత ప్రధానమై, ఆల్బమంతా ఒకే ధోరణిలో సాగినట్లు వినిపిస్తుంది.

బీచ్ బాయ్స్ ప్రభావం బీటిల్స్‌పై పడిన మాట నిజమే కానీ, అది ఆ తర్వాతి సంగతి. 1967 నాటి ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌కు ‘పెట్ సౌండ్స్’ ప్రేరణనిచ్చిందని బీటిల్స్ సభ్యుడు పాల్ మెకార్ట్నీ పలుమార్లు చెప్పారు. ముఖ్యంగా ‘పెట్ సౌండ్స్’లో బేస్ గిటార్ (కింది స్వరాలు పలికేది) కార్డ్‌లోని, అంటే కలిపి మోగే స్వరాల గుంపులోని, మూలస్వరాన్ని వదిలి మరో స్వరంపై నిలిచే తీరు ఆయనను ఆకట్టుకుంది. పాట అదే కార్డ్‌లో ఉన్నా, కింది స్వరం మారడంతో ఏదో తీరని నిరీక్షణ వినిపిస్తుంది. నా దృష్టిలో ‘పెట్ సౌండ్స్’ అందమంతా అక్కడే ఉంది.

పై వివరాలకు ఆధారం ఆల్బమ్‌ల విడుదల తేదీలు, ఆ ఇద్దరు కళాకారుల ఇంటర్వ్యూలు. పాత టపాలోని వాక్యాన్ని ఈ మేరకు సరిచేశాను.